నాలుగు అక్షరాలు, ఒక బేసిను అనపగింజలు

ఈ ఏడు మన పత్రికకు వచ్చిన రచనలను మొదటి విడత చదివి, తప్పులు దిద్ది, వేరు చేసి పెట్టే పని ప్లస్ వన్ నుంచి ముగ్గురికి ఇచ్చారు. ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. తెలుగు అయ్యవారు ప్రతి కాగితం పైభాగాన్ని, పేరు కనపడకుండా, మడిచి పిన్ను కొట్టి మా చేతికిచ్చారు. "పేరు చూస్తే మీకు స్నేహాలూ కోపాలూ గుర్తొస్తాయి. రాత చూడండి" అన్నారు. మేము ఆయన మాటను తు.చ. తప్పకుండా పాటించాము. రాతే చూశాము. గుండ్రని రాత ఎవరిది, వాలు రాత ఎవరిది, 'ళ' తోకను మెలి తిప్పేది ఎవరు అని పది నిమిషాల్లో సగం కాగితాలకు పేర్లు పెట్టేశాము.

అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ వారంలోనే మా బావ బెంగళూరు నుంచి వచ్చినాడు. ఆయన చేరిన ఆఫీసులో కొత్తవాళ్ళందరికీ ఒక ప్రశ్నల పట్టీ ఇచ్చి, జవాబులను బట్టి ఒక్కొక్కరికి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చారంట. ఆ అక్షరాలే వాళ్ళ స్వభావమంట. అలాంటి పరీక్షే ఫోనులో ఉచితంగా దొరికితే నాకూ పెట్టినాడు. నాకు 'ఐఎన్ఎఫ్‌పీ' వచ్చింది. కింద నా గురించి రాసింది చదివితే ఒళ్ళు జలదరించింది. నేను ఎవరికీ చెప్పుకోని సంగతులు కూడా అందులో ఉన్నట్టు అనిపించింది.

తెలియనివారి కోసం ఆ అక్షరాల సంగతి కొంచెం చెప్తాను. మొదటి అక్షరం, మనిషి ధ్యాస బయటి మనుషుల మీదికి పోతుందా, లోపలి ఆలోచన మీదికి పోతుందా అని. రెండోది, కంటికి కనిపించే వివరాన్ని పట్టుకుంటాడా, దాని వెనక ఉండగల అర్థాన్ని వెదుకుతాడా అని. మూడోది, ఒక నిర్ణయానికి వచ్చేటప్పుడు లెక్క చూస్తాడా, మనసు చూస్తాడా అని. నాలుగోది, ముందే తేల్చిపెట్టుకుంటాడా, చివరిదాకా తెరిచి ఉంచుకుంటాడా అని. ఒక్కోదానికి రెండు దారులు, నాలుగు మలుపులు. మొత్తం 16 రకాలు. భూమ్మీద ఉన్నవాళ్ళంతా ఈ 16 గంపల్లో ఏదో ఒక దానిలో పడతారన్నమాట.

నా గంప నాకు దొరికింది కదా, ఇంక ఊరుకోబుద్ధి కాలేదు. చేతిలో చూస్తే పిన్ను కొట్టిన కాగితాలు. ఎదుటి మనిషిని అడగకుండా, వాళ్ళు రాసిన కథనో కవితనో చదివి ఏ రకమో చెప్పగలనా అని చూద్దామనుకున్నాను. ఎర్ర పెన్ను తీసి ఒక్కొక్క కాగితం మూలలో నాలుగేసి అక్షరాలు వేస్తూ పోయాను. ఇప్పుడు తలుచుకుంటే చెయ్యి కడుక్కోవాలనిపిస్తుంది. అప్పుడైతే విమర్శ అంటే ఇదే అనుకున్నాను.

ఆ కాగితాల్లో ఒకటి మూడు పేజీల కథ. పేరు 'అనపగింజలు'. ఈ కథ మీకు ఈ సంచికలో కనపడదు. ఎందుకు కనపడదో చెప్పడానికే ఇదంతా. రాసిన అమ్మాయిని అడిగే ఈ వ్యాసం రాస్తున్నాను. "నువ్వు దాన్ని గురించి రాసుకో, దాన్ని మాత్రం వెయ్యొద్దు" అన్నది. కాబట్టి కథను నా మాటల్లో చెప్తాను. అందులోని వాక్యం ఒక్కటే, ఆమె ఒప్పుకున్నది, కిందెక్కడో వస్తుంది.

మన పక్క మంచు కాలం వచ్చిందంటే ఇంటింటా అనపకాయలే. కాయలు ఒలిచి, గింజలు రాత్రికి నానేసి, పొద్దున ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో ఉండిపోయి పప్పు జారి బయటికి వస్తుంది. అదే పితుకుపప్పు. పులుసు కాచి ముద్దలో నంజుకుంటే దానికి సాటి లేదు. హోసూరు చుట్టుపట్ల పుట్టిన ఏ బిడ్డకైనా ఈ పని వచ్చు. కథలో అవ్వా, మనవరాలూ సాయంత్రం గింజలు నానేస్తారు. తెల్లవారేసరికి అవ్వ ఉండదు. బంధువులు వస్తారు. ఎవరు ఏ బస్సుకు వచ్చినారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎన్ని గంటలకు అవ్వను తీసుకుపోయినారు, అన్నీ వరసగా ఉంటాయి. ఆ రాత్రి మంచం కింద బేసిను కనపడుతుంది. గింజలు ఇంకో పూట ఉంటే పులిసిపోతాయి. పారబోద్దామని పిన్నమ్మ అంటుంది. అమ్మ ఏమీ అనకుండా బేసిను నడిమింట్లోకి తెచ్చి పెట్టి కూర్చుంటుంది. నలుగురు ఆడవాళ్ళు కూర్చొని పితుకుతారు. గంటన్నర పడుతుంది. తొక్కలు ఒక కుప్ప, పప్పు ఒక కుప్ప. వేళ్ళు ముడతలు పడతాయి. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి పక్కింటి పొయ్యి మీద వండి తెస్తారు. తింటారు. ఉప్పు తక్కువైంది అని ఎవరో అంటారు. కథ అంతే.

నేను ఆ మూలలో వేసిన అక్షరాలు 'ఐఎస్‌టీజే'. నా దగ్గర ఆధారాలు కూడా ఉన్నాయి, చూడండి. మాటలు తక్కువ, అందువల్ల లోపలి మనిషి. గంటన్నర, నలుగురు, రెండు కుప్పలు అని లెక్కలే లెక్కలు, అందువల్ల వివరం పట్టుకునే మనిషి. పొద్దున నుంచి రాత్రి దాకా వరస తప్పలేదు, అందువల్ల అన్నీ తేల్చిపెట్టుకునే మనిషి. ఇక మూడో అక్షరం దగ్గర నాకు అనుమానమే రాలేదు. అవ్వ చనిపోతే ఒక్క కన్నీటి బొట్టు లేదు. 'దుఃఖం' అనే మాట మూడు పేజీల్లో ఎక్కడా లేదు. మనసు కాదు, లెక్కే. టీ.

పిన్ను తీసిన రోజు చూస్తే, ఆ కథ మా తరగతిలో అందరికన్నా గట్టిగా నవ్వే అమ్మాయిది. తొమ్మిదిలో మా బడికి వచ్చింది. నాకు ముఖపరిచయమే గానీ స్నేహం లేదు. బడి బస్సులో వెనక సీట్లో కూర్చొని పాటలందుకునేది ఆమే. మొదటి అక్షరమే తప్పు! నేను అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది. ఆమె తన కాగితం మీది ఎర్ర అక్షరాలు చూసి "ఇదేందే?" అని అడిగితే, నలుగురి ముందర వివరించాను. రకాల సంగతి చెప్పి, "నీ కథలో ఏడుపే లేదు గదా, అందుకే టీ వేసినా. నువ్వు మనసు కన్నా లెక్క చూసే రకం" అన్నాను.

"అట్లనా" అన్నది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మరుసటి రోజు దాని బదులు నీటి పొదుపు మీద ఒక వ్యాసం తెచ్చి ఇచ్చింది. అది ఈ సంచికలో ఉంది. మంచి వ్యాసమే. ముందుమాట ఉంది, ఉపసంహారం ఉంది.

కథ ఏదని అయ్యవారు అడిగితే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నన్ను తిట్టలేదు. "నువ్వు కథను చదివినావా, మనిషిని చదివినావా?" అని మాత్రం అడిగారు. రెండూ అని చెప్పాను. "రెండూ చదవలేదు" అన్నారు. ఆ మాట కొన్నాళ్ళు గుచ్చుకుంది. ఆ తరువాత నేను చేసినదాన్ని మొదటి నుంచి సరిచూసుకోవడం మొదలుపెట్టాను.

మొదట నా జోస్యాల లెక్క. ఒక ఆదివారం బావ ఫోనులో తొమ్మిది మంది తోటివాళ్ళ చేత ఆ పరీక్ష రాయించాను. ముగ్గురివి నేను వేసిన నాలుగక్షరాలూ కుదిరాయి. కళ్ళు మూసుకొని వేస్తే 16లో ఒకటి కుదరాలి, నాకు తొమ్మిదిలో మూడు కుదిరాయి. గర్వపడ్డాను. తరువాత చూస్తే ఆ ముగ్గురూ ఒకటో తరగతి నుంచి నాతో చదువుకున్నవాళ్ళే. వాళ్ళ చేతిరాత నాకు ముందే తెలుసు. కథలో కనపడింది రాయలేదు నేను, మనిషిలో తెలిసింది కథకు అంటించాను. ఎవరి చేతిరాతో గుర్తుపట్టలేని కాగితాలు నాలుగు. వాటిలో ఒక్కటీ కుదరలేదు.

రెండోది, నా గురించి ఫోను చెప్పింది చదివి ఒళ్ళు జలదరించింది అన్నాను కదా, ఆ సంగతి. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు అమెరికాలో తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికి 'ఇదీ నీ స్వభావం' అని ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిగ్గా ఉందో ఐదుకు మార్కులు వెయ్యమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తరువాత తెలిసిందేమంటే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు జోస్యం పుస్తకం నుంచి తీసినవి. నేనూ చేసి చూశాను. "నువ్వు బయటికి ధైర్యంగా కనపడతావు గానీ లోపల అప్పుడప్పుడు భయపడతావు, నిన్ను అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ" అనే ధోరణిలో ఆరు వాక్యాలు రాసి, ఐదుగురికి విడివిడిగా ఇచ్చాను. ఐదుగురూ తమదే అన్నారు. ఒకమ్మాయి "ఎట్ల కనిపెట్టితివే!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆదివారం పేపర్లో రాశిఫలాలు చూసి మా నాయన ప్రతివారం ఇట్లే ఆశ్చర్యపోతాడు.

మూడోది నాకు బాగా నచ్చిన సంగతి. ఈ 16 రకాల పద్ధతిని తయారు చేసిన ఇజబెల్ బ్రిగ్స్ మయర్స్ స్వయంగా డిటెక్టివ్ నవలా రచయిత్రి. 'మర్డర్ యెట్ టు కమ్' అనే ఆమె నవల 1930లో పుస్తకంగా వచ్చింది. ఆ తరువాతే ఆమె ఈ పరీక్ష ప్రశ్నలు తయారు చేసింది. ఇప్పుడు ఆలోచించండి. ఆ హత్య నవల ఒక్కటే చేతికిచ్చి, రాసినామె ఏ రకమో చెప్పమంటే నాలాంటి వాళ్ళు ఏం రాసేవాళ్ళు? నెత్తురు, తుపాకి, అనుమానం. పాపం ఆమెకు ఏ అక్షరాలు పడేవో!

ఆమెకూ ఆమె తల్లికీ ఆధారమైన కార్ల్ యుంగ్ పుస్తకం 1921లో జర్మన్ భాషలో వచ్చింది. అందులో ఒక అధ్యాయమంతా స్పిట్టెలర్ అనే స్విస్ కవి రాసిన ప్రొమీథియస్, ఎపిమీథియస్ అన్నదమ్ముల కావ్యం మీదనే. ఒకడు లోపలి మనిషి, ఒకడు బయటి మనిషి అని యుంగ్ విడదీసి చూపిస్తాడు. విడదీసింది కావ్యంలోని పాత్రలను. ఆ ఇద్దరినీ పుట్టించింది ఒకే కవి. నేను చేసిన తప్పు ఇక్కడే స్పష్టంగా కనపడింది. కథలో ఉన్నవాళ్ళ గుణాన్ని తీసుకుపోయి కథ రాసిన చేతికి అంటించడం. మన పాఠ్యపుస్తకాల వరకే చూసుకున్నా చాలు. 'కన్యాశుల్కం' 1892లో మొదట ఆడారు, 1909లో బాగా పెంచి తిరగరాసి అచ్చువేశారు. గిరీశం నోరు మూయడు. లుబ్ధావధాన్లు పిడికిలి విప్పడు. మధురవాణి అందరి మనసూ చదివేస్తుంది, తన మనసు చదవనివ్వదు. ఈ ముగ్గురిలో గురజాడ ఏ రకం? ముగ్గురినీ అంత బాగా రాసినవాడు ముగ్గురికీ కొంచెం దూరంగా నిలబడి చూసినవాడే అయ్యుండాలని నాకు అనిపిస్తుంది. అది కూడా ఊహే.

ఇంకొక మాట చెప్తే కొందరికి కోపం రావచ్చు. మన పత్రిక పాత సంచికలు లైబ్రరీలో తీసి చూశాను. అమ్మ మీద రాసిన కవితలన్నిటిలో అమ్మ కొవ్వొత్తే. క్రమశిక్షణ మీద రాసిన వ్యాసాలన్నీ ఒకే గంట కొట్టినట్టు మొదలై ఒకే గంటకు ముగుస్తాయి. ఈ లెక్కన అమ్మ కవిత రాసిన రోజు అందరిదీ మనసు రకం, క్రమశిక్షణ రాసిన రోజు అందరిదీ తేల్చిపెట్టుకునే రకం. ఒకే అబ్బాయి ఒకే సంచికలో రెండూ రాశాడు. రకం వాడిది కాదు, ఆ ప్రక్రియది. బడిలో మనం ఎట్లా రాస్తే మార్కులు పడతాయో, ఎట్లా రాస్తే పెద్దలు మెచ్చుకుంటారో అట్లా రాస్తాము. నేనూ అంతే. పోయిన ఏడు అత్తిబెలె బస్సు మీద నేను రాసిన నవ్వుల కథ చదివి, మా ఇంటికి వచ్చిన ఒక అత్త "ఈ పిల్ల ఎంత గలగలమంటుందో" అన్నదంట. ఆమె వచ్చి పోయేదాకా నేను గదిలోనుంచి బయటికే రాలేదు.

'అనపగింజలు' ఆ మాదిరి కాదు. అది ఎవరి మార్కుల కోసం రాసింది కాదు. అవ్వ చనిపోతే బడి పత్రికలో ఎట్లా రాయాలో ఆమెకు తెలియక కాదు, తెలిసీ అట్లా రాయలేదు. ఇంటి మాటలోనే రాసింది. కూర్చుంటిమి, పితికితిమి, తింటిమి. తొమ్మిదిలో అయ్యవారు స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' నుంచి ఒక కథ చదివి వినిపించారు. పులికాట్ సరస్సు పక్కన మాట్లాడే తెలుగు అది, మన తెలుగు కాదు. అయినా ఇంట్లో మాట్లాడే మాట కాగితం మీద నిలబడుతుందని ఆ రోజే తెలిసిందని ఆమె తరువాత నాకు చెప్పింది.

నేను కాగితం కోసం మూడుసార్లు అడిగాను. నాలుగోసారి ఇచ్చింది. ఈసారి ఎర్ర పెన్ను లేకుండా చదివాను.

ముందు లోపాలు చెప్పేస్తాను. రెండో పేజీ బరువు. ఎవరెవరు ఏ బస్సుకు వచ్చారన్నది అంత పొడుగున అవసరం లేదు. ఇద్దరు పిన్నమ్మలు ఉన్నారు, ఏ పిన్నమ్మ ఏ మాట అన్నదో తేలదు. ఇవి దిద్దుకోదగ్గవే.

ఇక నేను 'లెక్కలు' అన్నవి. మనుషులు నలుగురు, పట్టిన సమయం గంటన్నర. ఇవి ఎప్పుడు మొదలవుతాయో చూడండి. అవ్వ బతికి ఉన్న మొదటి అర పేజీలో ఒక్క అంకె లేదు. ఎన్ని గింజలు నానేశారో లేదు, గంట ఎంతో లేదు. అవ్వ పోయిన తరువాతే అంకెలు వస్తాయి. ఇల్లు ఇల్లుగా లేనప్పుడు పట్టుకోవడానికి చేతికి ఏదో ఒకటి కావాలి కదా. మా తాత పోయినప్పుడు నేను సుట్టాల చెప్పుల జతలు లెక్కపెట్టుకుంటూ వాకిట్లో కూర్చున్నాను. ఆ సంగతి ఆ కథ చదివేదాకా నాకు గుర్తులేదు. వేళ్ళు ముడతలు పడినాయి అన్న చోట నేను మొదటిసారి ఆగలేదు. ముసలి చేతులకూ ముడతలుంటాయి. ఆ పోలిక కథలో లేదు. పెట్టి ఉంటే చెడిపోయేది. చదివేవాళ్ళకు తోచేంత చోటు మాత్రం వదిలిపెట్టింది.

కన్నీళ్ళు ఎక్కడున్నాయో నాకు రెండోసారి కూడా దొరకలేదు. మూడోసారి చదివేటప్పుడు ఒక సర్వనామం దగ్గర తట్టుకున్నాను.

ఇక్కడ కొంచెం వ్యాకరణం. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి రాసిన దానిలో 'నేను', 'మేము' లాంటి చిన్న మాటలను కంప్యూటరు చేత లెక్కపెట్టించి స్వభావంతో పోల్చి చూశాడు. సంబంధాలు కనపడ్డాయి గానీ చిన్నవే. అవి ఇంగ్లీషు రాతల లెక్కలు. తెలుగులో ఆ లెక్క ఇంకా తిరకాసు. మనం 'నేను' అనకుండానే నేను అనగలం. 'వస్తిని' అంటే అందులోనే నేను ఉంది. 'అనపగింజలు' కథలో 'నేను' అనే మాట ఒక్కసారి కూడా లేదు. కంప్యూటరును అడిగితే ఈ కథలో కథ చెప్పే మనిషే లేదంటుంది. ప్రతి క్రియ చివరా ఆమె కూర్చొనే ఉంది.

'మేము', 'మనము' సంగతి ఇంకా చిత్రం. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. తెలుగులో వినేవాళ్ళను కలుపుకుంటే మనము, కలుపుకోకపోతే మేము. "మేము సినిమాకు పోతున్నాము" అంటే నువ్వు ఇంట్లో ఉండు అని. "మనం పోదాం" అంటే చెప్పులు వేసుకో అని. ఈ తేడాను బడిలో ఎవరూ నేర్పరు, మూడేళ్ళ బిడ్డకు కూడా తెలుసు. ఆ కథలో 'మేము' పదకొండుసార్లు ఉంది. మేము కూర్చుంటిమి, మేము తింటిమి. కథ వినేది మనం, చదివేవాళ్ళం. మనం అక్కడ లేము కాబట్టి 'మేము' సరైన మాటే. అయితే మంచం కింద బేసిను కనపడిన చోట ఈ వాక్యం ఉంది. ఆమె ఒప్పుకున్న వాక్యం ఇదే:

"మనం నానేసిన గింజలు అట్లే ఉన్నాయి."

మనం అంటే ఎవరు? నానేసింది ఇద్దరే, అవ్వా మనవరాలూ. చదివే నేను నానెయ్యలేదు. పిన్నమ్మ నానెయ్యలేదు. 'మనం' అన్నాక వింటున్న మనిషి అందులో ఉండి తీరాలి. అంటే ఆ ఒక్క వాక్యం వింటున్నది అవ్వ. ఆమె పోయిన రాత్రి, ఇంటినిండా జనం ఉన్నప్పుడు, బేసిను చూసి ఆ పిల్ల అవ్వకు చెప్తున్నది. తరువాతి వాక్యంలో మళ్ళీ 'మేము' వచ్చేస్తుంది. ఒక్క మాట సేపు అవ్వ తిరిగొచ్చి పోయింది. నేను కన్నీళ్ళ కోసం పేజీలన్నీ వెదికి, లేవని ఎర్ర పెన్నుతో టీ వేసిన కథ ఇది.

ఇంతా చెప్పి ఒక సందేహం దాచిపెడితే మోసం అవుతుంది. ఆ అమ్మాయి తల్లిది కర్ణాటక పక్క. ఇంట్లో సగం కన్నడమే. కన్నడంలో రెంటికీ 'నావు' ఒకటే. తమిళంలో మాత్రం మనలాగే 'నామ్', 'నాంగళ్' అని రెండున్నాయి. మూడు భాషల మధ్య పెరిగిన మన పిల్లల్లో కొందరు మేము, మనము కలిపేస్తారు. ఇదీ అట్లాంటి పొరపాటేమో, నేనే దాన్ని పట్టుకొని మేడ కడుతున్నానేమో అనుకున్నాను. అందుకే మూడు పేజీలూ వేలు పెట్టి లెక్కించాను. పదకొండు చోట్ల తప్పు లేకుండా 'మేము' రాసిన చెయ్యి అది. పన్నెండో చోట మాత్రమే మారింది. ఆ పన్నెండో చోట అవ్వ ఉంది. కాబట్టి అది పొరపాటు కాదని నా నమ్మకం. ఒకవేళ పొరపాటే అయినా, కథలో ఆ మాట చేసే పని చేస్తూనే ఉంటుంది.

దీన్నిబట్టి ఆమె మనసు రకం, ఎఫ్ అని అక్షరం మార్చనా? మార్చను. ఆ వాక్యం చూసి నాకు తెలిసింది ఆ రాత్రి సంగతి. బస్సులో పాటలందుకునే అమ్మాయి సంగతి కాదు, రేపు ఆమె ఏం చేస్తుందో కాదు. ఆమె ఇంకో కథ రాస్తే ఇంకోలా ఉండవచ్చు. ఫోను పరీక్ష రాయమని ఆమెను అడిగాను కూడా. "నాకొద్దులే, ఒకసారి వేసితివి గదా" అన్నది. నవ్వుతూనే అన్నది, అందుకే ఇంకా కష్టమనిపించింది.

ఈ వ్యాసం చిత్తుప్రతి పోయిన వారం ఆమెకే ముందు చూపించాను. బెంచీ మీద కూర్చొని చదివింది. తన ఊరి పేరు ఉన్న చోట కొట్టేసింది. తల్లి ఊరి పేరు కూడా కొట్టేసింది. ఇద్దరు పిన్నమ్మలు తేలడం లేదన్న చోట "నిజమే" అన్నది. 'మనం' దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి, సంచిలోనుంచి కథ కాగితం తీసింది. మూలలో నా ఎర్ర అక్షరాలు ఇంకా అట్లే ఉన్నాయి. వేలు పెట్టి వెదికి ఆ వాక్యం దగ్గర ఆగింది.

"అట్ల రాసినానా నేను?" అన్నది.

చాలాసేపు దాన్నే చూసింది. గంట కొట్టినారు. కాగితం మడిచి, ఈసారి సంచిలో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకొని తరగతికి పోయింది.